మాట్లాడే సభ, ప్రశ్న అడిగే సభ



మన ఊళ్ళలో సభ అంటే ముందుగా కంటికి కనిపించేవి ఏమిటి? షామియానా, మైకు, వేదిక మీద ఒక డజను కుర్చీలు, పూలదండల బుట్ట, మడతపెట్టిన శాలువాలు. సాయంత్రం ఆరు గంటలకని కరపత్రంలో అచ్చువేస్తారు. ముఖ్య అతిథిగారు ఏడున్నరకు వస్తారు. ఒకరి తరువాత ఒకరు మాట్లాడతారు, ఒకరినొకరు మెచ్చుకుంటారు. వందన సమర్పణ చేసే ఆయన చేతికి మైకు వచ్చేసరికి జనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. విన్నవాళ్ళకు ఏమి అర్థమయింది, ఏ సందేహం మిగిలింది అని అడిగే నాథుడు ఉండడు.

ఈనాటి ప్రసంగంలో మరో రకం సభను గురించి చెప్పదలచుకున్నాను. అక్కడ ఒకరే మాట్లాడతారు. మాట్లాడడం అయిపోయాక వినేవారి వంతు వస్తుంది. వాళ్ళు ప్రశ్నలు అడుగుతారు, ఒప్పుకోని చోట ఒప్పుకోమంటారు, తమకు తెలిసింది చెబుతారు. ఇలాంటి సభలను ఏళ్ళ తరబడి అలవాటుగా నడుపుతూ వచ్చిన సంస్థలు మన కోలారుకు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, బెంగళూరు బసవనగుడి ప్రాంతంలో ఉన్నాయి. వాటిలో రెండింటి కథ చెప్పుకుని, ఆ అలవాటు సరిహద్దు జిల్లాల తెలుగువాళ్ళకు ఎందుకు అవసరమో ఆలోచిద్దాం.

మొదటిది ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వరల్డ్ కల్చర్. అంటే ప్రపంచ సంస్కృతిని గురించి తెలుసుకునేందుకు భారతదేశంలో పెట్టిన సంస్థ అన్నమాట. మొదట్లో దీని పేరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కల్చర్. దీన్ని 1945 ఆగస్టు 11న బి.పి. వాడియా, ఆయన భార్య సోఫియా వాడియా స్థాపించారు. ఆ తేదీని కొంచెం గమనించండి. ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అణుబాంబులు పడ్డాయి. ఇంకా యుద్ధం ముగియలేదు, మనకు స్వాతంత్ర్యం రాలేదు. అలాంటి వారంలో బెంగళూరులో ఒక దంపతులు, వేరువేరు దేశాల, మతాల, భాషల మనుషులు ఒకచోట కూర్చుని ఒకరి సంగతి ఒకరు తెలుసుకోవాలని ఒక ఇల్లు తెరిచారు.

వాడియా బొంబాయిలో 1881లో పుట్టిన పారశీకుడు. దివ్యజ్ఞాన సమాజం పని మీద మద్రాసు వచ్చి, అనిబిసెంటమ్మతో కలిసి హోంరూల్ ఉద్యమంలో పనిచేశారు. 1917లో ప్రభుత్వం బిసెంటును, అరుండేల్‌ను, ఈయనను కలిపి నిర్బంధంలో ఉంచింది. మరుసటి ఏడు, 1918 ఏప్రిల్‌లో, మద్రాసు బట్టల మిల్లుల కార్మికుల కోసం మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడినప్పుడు దానికి అధ్యక్షులయ్యారు. మన దేశంలో పద్ధతి ప్రకారం ఏర్పడిన తొలి కార్మిక సంఘాలలో దాన్ని లెక్కిస్తారు. అక్కడ కార్మికుల ముందు ఆయన చేసిన ప్రసంగాలు 1921లో పుస్తకంగా వచ్చాయి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, బసవనగుడిలో సభామందిరం పెట్టిన మనిషి పుస్తకాల మధ్య మాత్రమే బతికినవాడు కాడు. మిల్లు గేటు దగ్గర నిలబడి, చదువురాని వారితో కూడా మాట్లాడిన అనుభవం ఆయనకుంది. సోఫియా వాడియా దక్షిణ అమెరికాలోని కొలంబియాలో పుట్టి, భారతదేశాన్ని తన దేశం చేసుకున్నారు. భారతీయ భాషల రచయితలను ఒక వేదిక మీదికి తెచ్చిన పి.ఇ.ఎన్. సంస్థ శాఖను 1933లో బొంబాయిలో ప్రారంభించింది ఆమే. వాడియా 1958లో చనిపోయారు. సంస్థ ఉన్న వీధికి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

రెండోది గోఖలే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ అఫైర్స్. ఇది కూడా 1945లో పుట్టినదే, నరసింహరాజ కాలనీలో ఉంది. దీని స్థాపకులు డి.వి. గుండప్ప, కన్నడంవారు ప్రేమగా డి.వి.జి. అంటారు. ఆయన 1887లో మన ముళబాగిలులో పుట్టారు. ఆ ఊరి వీధుల్లో నేటికీ కన్నడం ఒక చెవికి, తెలుగు ఒక చెవికి వినబడుతుంది. డి.వి.జి.కి పెద్ద డిగ్రీలు లేవు. పత్రికలు నడిపారు, మైసూరు శాసన పరిషత్తులో సభ్యులుగా ఉన్నారు, ‘మంకుతిమ్మన కగ్గ’ రాశారు. గోపాలకృష్ణ గోఖలే అంటే ఆయనకు గురుభావం. ప్రజల చేతికి ఓటు వచ్చే రోజు దగ్గరపడుతోంది; ఓటు వేసేవాడికి బడ్జెటు అంటే ఏమిటో, చట్టం ఎలా తయారవుతుందో, హక్కు ఎక్కడ ఆగి బాధ్యత ఎక్కడ మొదలవుతుందో తెలియాలి. అందుకోసం ఆ సంస్థ. దాని అధ్యయన గోష్ఠిలో రాజ్యాంగం నుంచి కావ్యం దాకా అన్నీ చర్చకు వచ్చాయి. అక్కడ భగవద్గీత మీద ఆయన చేసిన ఉపన్యాసాలే పుస్తకమై, 1967లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందాయి. 1970లో ప్రజలు తనకు సన్మానం చేసి నిధి ఇస్తే, దాన్ని ఈ సంస్థకే ఇచ్చేశారు. 1975లో కన్నుమూశారు.

ఇక ఇలాంటి సంస్థలలో సభ ఎలా నడుస్తుందో చూద్దాం. ఇది చూడడానికి చాలా సాదా వ్యవహారం. నెల మొదట్లోనే కార్యక్రమాల పట్టిక సిద్ధమవుతుంది. ఏ తేదీన ఎవరు దేన్ని గురించి మాట్లాడతారో అందులో ఉంటుంది. ఒకరోజు వేదాంతం, ఒకరోజు నక్షత్రాలు, మరోరోజు మధుమేహం, ఇంకోరోజు సంగీత కచేరి. పక్కనే గ్రంథాలయం ఉంటుంది. విన్న విషయం మీద ఆసక్తి పుడితే అక్కడికి వెళ్ళి పుస్తకం తీసుకోవచ్చు. సభకు మామూలుగా టిక్కెట్టు ఉండదు. చెప్పిన వేళకు మొదలవుతుంది. అధ్యక్షుడు వక్తను రెండు మాటల్లో పరిచయం చేసి కూర్చుంటాడు. వక్త ముప్పావు గంటో గంటో మాట్లాడతాడు. తరువాత అధ్యక్షుడు లేచి, సభలోని వారు ప్రశ్నలు అడగవచ్చునని చెబుతాడు.

ఆ తరువాతి అరగంటలోనే ఉంది అసలు సంగతి. వక్త ముందుగా తయారుచేసుకుని వచ్చినది చెప్పాడు. ఇప్పుడు తయారుచేసుకోనిది చెప్పాలి. ‘మీరు చెప్పిన లెక్క మా ఊరి లెక్కతో సరిపోవడం లేదే’ అని ఎవరైనా అంటే, ఒప్పుకోవాలి, లేదా కారణం చూపాలి, లేదా తనకు తెలియదని చెప్పాలి. పెద్ద విద్వాంసుడు నలుగురి ముందు ‘ఇది నాకు తెలియదు, చూసి చెబుతాను’ అనడం పిల్లలు కళ్ళారా చూస్తే చాలు. వంద నీతిపాఠాలు చెప్పనక్కరలేదు. ముఖ్యమైన ప్రసంగాలను వాడియాగారి సంస్థ చిన్న పుస్తకాలుగా అచ్చువేసింది. గోఖలే సంస్థ ‘పబ్లిక్ అఫైర్స్’ అనే పత్రిక నడిపింది. గాలిలో కలిసిపోయే మాట కాగితం మీదికి ఎక్కింది.

ఇదంతా ఇంగ్లీషు చదువుల నుంచి వచ్చిన పద్ధతి, మనది కాదని కొందరు అనవచ్చు. సగం నిజం. కానీ మన ఇంట్లో ఉన్న సరుకును కూడా ఒకసారి చూసుకోవాలి. మనకు పురాణ కాలక్షేపం ఉంది, హరికథ ఉంది. మా చింతామణి తాలూకా కైవారంలో నారాయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పాడు. భజన మండలుల్లో వాటిని ఈనాటికీ రెండు భాషల్లోనూ పాడుతున్నారు. అయితే హరికథలో దాసుగారిని మధ్యలో ఆపి ప్రశ్న వేయం. అక్కడ చెప్పేవాడు ఉంటాడు, అడిగేవాడు ఉండడు. రెండోపక్క మనకు రచ్చబండ ఉంది. అక్కడ అడిగేవాళ్ళే అందరూ. విషయం ఒకచోట మొదలై పది చోట్లకు పోతుంది, చివరకు గొంతు పెద్దది ఉన్నవాడిదే నెగ్గుతుంది.

ఈ రెండింటి మధ్య నిలిచేది మన అవధానం. అష్టావధానంలో అవధాని ఒక్కడే కాదు, పృచ్ఛకులు కూడా ఉంటారు. ప్రశ్న వేయడం అక్కడ అమర్యాద కాదు, అదే సభా మర్యాద. అంతేకాదు, సంబంధం లేని మాటలతో అవధాని ధ్యాస చెదరగొట్టడానికి అప్రస్తుత ప్రసంగి అని ఒక మనిషినే నియమిస్తారు. సభ అన్న తరువాత అలాంటి మనిషి తప్పక లేస్తాడని మన పెద్దలకు ముందే తెలుసునన్నమాట. వాడికి కూడా ఒక కుర్చీ, ఒక హద్దు ఏర్పాటు చేశారు. కాబట్టి వినడం హరికథ నుంచి, అందరికీ మాట్లాడే హక్కు రచ్చబండ నుంచి, క్రమం అవధానం నుంచి తీసుకుంటే బసవనగుడి సభ మనకు పరాయిదేమీ కాదు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. సుమారు ఇరవై ఏళ్ళ కిందట నేను బెంగళూరులో బి.ఎడ్. చదువుతున్నాను. మేనమామగారింట్లో ఉండేవాణ్ణి. ఒక సాయంత్రం ఆయన నన్ను ఒక సభకు వెంట తీసుకువెళ్ళారు. విషయం, పాత చెరువులు. మా కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు. పూర్వం పంట అంతా చెరువుల మీదనే. ఒక చెరువు నిండి మరవ పారితే ఆ నీళ్ళు కింది చెరువుకు, అక్కడి నుంచి ఇంకో చెరువుకు పోయేటట్లు గొలుసుగా కట్టారు. వక్త ఇంగ్లీషులో చక్కగా చెప్పారు. చివరన సభలో ఒకాయన లేచి, నీళ్ళను పొలాలకు పంచింది ఎవరు, రైతులు కొట్టుకోలేదా అని అడిగారు. వక్తగారు పంచాయతీలు, అధికారులు అని ఏదో చెప్పారు.

నాకు జవాబు తెలుసు. మా తాత చెప్పేవాడు. ప్రతి చెరువుకు ఒక నీరుగంటి ఉండేవాడు. తూము తెరిచేది అతను, మూసేది అతను, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు కట్టాలో చూసేది అతను. నీళ్ళు తక్కువైన ఏడు ఆయకట్టులో ఎంత భాగం నాటాలో అతని మాట మీద తేలేది. పంట వచ్చాక ప్రతి రైతు అతనికి ఇంత ధాన్యమని కొలిచేవాడు. ఇదంతా నా నోటి చివర ఉంది. చెయ్యి సగం ఎత్తాను. ఏ భాషలో చెప్పాలి? ఇంగ్లీషులో చెప్పేంత ధైర్యం లేదు. బడిలో చదివిన కన్నడం పరీక్షకు పనికొచ్చింది గాని, తాత చెప్పిన మాటలు నాకు అందులో రావు. తెలుగులో మాట్లాడితే ఇంటి భాష సభలో మాట్లాడుతున్నాడని నవ్వుతారేమో అనిపించింది. చెయ్యి దించేశాను. బస్సులో మామయ్య, ‘తెలిసి కూడా చెప్పకపోతివి కదరా, ఆ సభకు ఇంక ఎవరు చెప్తారు?’ అన్నారు. కోపంగా అనలేదు. అయినా ఆ మాట నన్ను వదలలేదు.

శ్రోతలారా, ఇది నా ఒక్కడి పిరికితనమైతే ఇక్కడ చెప్పవలసిన పని లేదు. మన సరిహద్దు తెలుగువాళ్ళలో చాలామందికి ఇది తెలిసిన అవస్థే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఉద్యోగానికి ఇంగ్లీషు. హోసూరులో కన్నడం చోట తమిళం, బరంపురంలో ఒడియా, సిరొంచలో మరాఠీ. తెలుగు అమ్మతో మాట్లాడడానికి, ఎద్దును అదిలించడానికి, పెళ్ళి మాటలకు ఉంది. ప్రజల విషయాలు మాట్లాడడానికి లేదు. నా తరగతిలో తెలుగు ఇళ్ళ పిల్లలను ‘భూగర్భజలం అంటే ఏమిటో మీ అవ్వకు అర్థమయ్యేటట్లు చెప్పండి’ అంటే బిత్తరపోతారు. పాఠం కన్నడంలో అప్పగిస్తారు. అవ్వకు చెప్పలేరు. అవ్వ దగ్గర ఉన్న చెరువు జ్ఞానం పిల్లవాడికి రాదు, పిల్లవాడి పుస్తకంలోని జ్ఞానం అవ్వకు చేరదు. ఒకే ఇంట్లో ఇద్దరూ రెండు గట్ల మీద నిలబడతారు.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించాలని మన రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. 1956లో ఏడో సవరణ ద్వారా దాన్ని చేర్చారు. ఆ హక్కు కోసం అడగవలసిందే. కానీ బడి ఇచ్చేది అక్షరం. పెద్దవాళ్ళు నలుగురిలో నిలబడి సొంత భాషలో ఒక ప్రశ్న అడిగే అలవాటును ఏ అధికరణమూ ఇవ్వలేదు. అది మనం చేసుకోవలసిన పని.

దీనికి అవసరం మాకు ఒకసారి ముంగిట్లోకే వచ్చింది. బెంగళూరు నగరపు మురుగునీటిని శుద్ధిచేసి, గొట్టాల ద్వారా కోలారు చెరువులకు పంపే కె.సి. వ్యాలీ పథకం గురించి మీలో చాలామందికి తెలుసు. మొదటి దశలో రోజుకు 44 కోట్ల లీటర్ల నీటితో 126 చెరువులు నింపాలని ప్రణాళిక. 2018 జూన్‌లో మొదటిసారి లక్ష్మీసాగర చెరువుకు నీళ్ళు వచ్చాయి. కొన్నాళ్ళకు నురగ కనిపించింది. విషయం హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ తరువాత నీళ్ళు మళ్ళీ వచ్చాయి. ఏళ్ళ తరబడి ఎండిన చెరువులో నీళ్ళు చూస్తే సంతోషం, అవి ఏ నీళ్ళో తలచుకుంటే భయం. టీ అంగడి దగ్గర ఒకరు అమృతం అన్నారు, ఒకరు విషం అన్నారు.

మేము కొందరం ఉపాధ్యాయులం కలిసి, ఒక ఆదివారం బడి ఆవరణలో విషయం తెలిసిన ఒక అధికారిని పిలిచి ప్రసంగం ఏర్పాటుచేశాం. శాలువా లేదు, దండ లేదు. ఆయన కన్నడంలో మాట్లాడారు. శుద్ధి ఎన్ని దశల్లో జరుగుతుందో, మూడో దశ శుద్ధి కావాలని కొందరు ఎందుకు అడుగుతున్నారో చెప్పారు. ఇక ప్రశ్నలు అనేసరికి గొడవ మొదలయింది. ఒక యువకుడు తెలుగులో అడగబోతే వెనక నుంచి ఎవరో ‘కన్నడంలో అడగండి’ అని అరిచారు. దానికి ఇంకొకరు ఎదురు అరిచారు. పావుగంట సేపు చెరువును మరిచిపోయి భాష మీద కొట్లాడుకున్నాం. నాకు తల కొట్టేసినట్లయింది.

అప్పుడు ముందు వరుసలో కూర్చున్న ఒక అవ్వ లేచింది. ‘అయివారూ, మీరు యా బాసలోనైనా కొట్లాడుకోండి. నా గొడ్లు ఆ నీల్లు తాగొచ్చునా, తాగకూడదా? అది చెప్పించండి’ అంది. సభంతా ఒక్కసారిగా మౌనమైంది. నేను ఆ ప్రశ్నను కన్నడంలో అధికారికి చెప్పాను. ఆయన ఇచ్చిన జవాబును తెలుగులో అవ్వకు చెప్పాను. ఆ నీళ్ళు చెరువులో నిలిచి భూమిలోకి ఇంకి, బావుల్లో, బోర్లలో నీటిమట్టం పెంచడానికి ఉద్దేశించినవనీ, నేరుగా తాగడానికి గాని, చెరువులో మోటారు పెట్టి పొలానికి తోడుకోవడానికి గాని ఉద్దేశించినవి కావనీ ఆయన అన్నారు. అవ్వ ఊరుకోలేదు. ‘మనుసులకు చెప్తే ఇంటారు. గొడ్డుకు ఎవురు చెప్తారు? దానికి దప్పికైతే అది పోయి తాగుతుంది’ అంది. అధికారి నవ్వలేదు. కాసేపు ఆలోచించి, పశువులకు వేరే తొట్టి ఏర్పాటు చేయాలన్న మాట న్యాయమైనదే, పంచాయతీలో అడగండి అన్నారు. ఆ రోజు సభలో అందరికన్నా పనికొచ్చిన ప్రశ్న అదే. కన్నడంలో అడగాలని పట్టుబట్టి ఉంటే ఆ ప్రశ్న పుట్టేదే కాదు. తెలుగులోనే జరగాలని పట్టుబట్టి ఉంటే జవాబు చెప్పే మనిషి వచ్చేవాడే కాదు.

ఆనాటి నుంచి మేమొక నియమం పెట్టుకున్నాం. ప్రసంగం ఏ భాషలో జరిగినా, ప్రశ్న మాత్రం ఎవరి భాషలో వారు అడగవచ్చు. రెండు భాషలూ వచ్చిన ఒకరు పక్కన నిలబడి, ప్రశ్నను, జవాబును అటూ ఇటూ చేరవేయాలి. ఈ పని ఇప్పుడు పదో తరగతి పిల్లలు వంతులవారీగా చేస్తున్నారు. మొదట్లో తడబడతారు. చెరువు మరవను కన్నడంలో ‘కోడి’ అంటారు. ఒక పిల్లవాడు కంగారులో అదే మాట తెలుగులోనూ అనేసరికి, చిత్తూరు వైపు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన పెద్దాయన ‘చెరువుకు కోడెక్కడిదిరా?’ అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పిల్లవాడికి రెండు మాటలూ ఇంక జన్మలో మరుపు రావు.

ఇదంతా చెప్పగానే మా ఊరు బసవనగుడి అయిపోయిందని అనుకోకండి. మొదటి సభకు బడి ఆవరణ నిండింది. మూడో నెలకు తొమ్మిదిమంది వచ్చారు. అందులో ఇద్దరు వాన వస్తే నిలబడినవాళ్ళు. 2020లో కరోనాతో అసలే ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాక కూడా కొన్ని నెలలు తప్పుతూనే ఉన్నాయి. వాడియా దంపతులకూ డి.వి.జి.కీ ఉన్న ఇల్లు, నిధి, గ్రంథాలయం మాకు లేవు. కానీ వాళ్ళ దగ్గర నేర్చుకోవడానికి డబ్బు అక్కరలేనివి కొన్ని ఉన్నాయి. వాటిని మీ ఊళ్ళోనూ ప్రయత్నించవచ్చు.

ఒక సభకు ఒకే విషయం పెట్టండి. అది వినేవాళ్ళ బతుకుకు తగిలేదై ఉండాలి: పట్టాదారు పుస్తకం, పాముకాటు, పాల సొసైటీ లెక్క, ఊరి శాసనం. వక్త ఒకరే చాలు, అరగంట చాలు. ప్రశ్నలకు అంతకన్నా ఎక్కువ సమయం ఉంచండి. వేళకు మొదలుపెట్టండి, ఐదుగురే వచ్చినా సరే. వచ్చిన ఐదుగురిని కూర్చోబెట్టి, రాని యాభైమంది కోసం ఎదురుచూడడం వచ్చినవారికి శిక్ష. మొదటి ప్రశ్న ఆడవాళ్ళను అడగనివ్వండి. మగవాళ్ళు ఇద్దరు ముగ్గురు గట్టిగా మాట్లాడాక వాళ్ళు ఇంక నోరు విప్పరు. లేచి అడగడానికి సిగ్గుపడేవాళ్ళు చీటీ మీద రాసి ఇవ్వవచ్చు, రాయడం రానివాళ్ళు పక్కవాళ్ళతో చెప్పించవచ్చు. అప్రస్తుత ప్రసంగి తప్పక వస్తాడు. ఆయనను తరమకండి, రెండు నిమిషాలు ఇచ్చి చాలించండి. జవాబు దొరకని ప్రశ్నలను ఒక నోటుపుస్తకంలో రాసుకుని, వచ్చే నెల సభ ఆ జవాబులతో మొదలుపెట్టండి. ఆ పుస్తకమే ఊరివాళ్ళను మళ్ళీ రప్పిస్తుంది. తన ప్రశ్న ఏమైందో వినడానికి మనిషి తప్పక వస్తాడు.

పక్క భాషవాళ్ళను కూడా పిలవండి. ఇది తెలుగువాళ్ళ సభ అని గిరి గీసుకుంటే పది ఇళ్ళ దగ్గర ఆగిపోతుంది. మనం ఎన్నో తరాలుగా ఈ రాష్ట్రాలలో బతుకుతున్నవాళ్ళం. ఇక్కడి భాష మనకు అన్నం పెట్టింది. అది నేర్చుకోవాలి, గౌరవించాలి. అయితే ఇంటి భాషను గుమ్మం దగ్గర విడిచిపెట్టి సభలోకి రావలసిన పని లేదు. డి.వి.జి. కన్నడ సాహిత్యానికి చేసిన సేవ అందరికీ తెలిసిందే. ఆయన పుట్టిన గడ్డ మీద రెండు భాషల్లోనూ ప్రశ్న వినిపిస్తే ఆ పెద్దాయనకు అపచారం కాదు.

మా నోటుపుస్తకంలో ఇప్పుడు జవాబు దొరకని ప్రశ్నలు చాలానే ఉన్నాయి. అవ్వ అడిగిన పశువుల తొట్టి ప్రశ్న మొదటి పేజీలోనే ఉంది. పంచాయతీకి అర్జీ రెండుసార్లు ఇచ్చాం. తొట్టి ఇంకా కట్టలేదు. ప్రతి సభ మొదట ఆ ప్రశ్న చదువుతాం. ‘ఇంకా లేదు’ అని చెప్పి, తరువాతి ప్రశ్నకు వెళతాం. అవ్వ మాత్రం క్రమం తప్పకుండా వస్తోంది.

రేడియో ప్రసంగంలో ఒక లోపం ఉంది. నేను చెబుతున్నాను, మీరు వింటున్నారు, మధ్యలో ఆపి అడగడానికి వీలులేదు. అందుచేత ఈ ప్రసంగానికి చెందిన రెండో సగం మీ దగ్గరే ఉంది. ఇందులో మీకు నచ్చనిది, మీ ఊరికి సరిపోనిది ఏదైనా ఉంటే మీ పక్కవాళ్ళతో మాట్లాడండి. రేడియోకు ఉత్తరం రాయండి. ఏ భాషలో రాసినా ఫరవాలేదు.